ఆప్తవాక్యము: మధుమేహ పథ్య విచారము

మన తెలుగు వాడుకలో ఆప్తుడనగా బంధువు, స్నేహితుడు, కష్టసుఖములలో తోడు నిలుచువాడు. శాస్త్రవ్యవహారమున ఆ మాటకు వేఱొక అర్థము కలదు. చరకసంహిత సూత్రస్థానమున, పదునొకండవ అధ్యాయములో, సత్యాసత్యములను పరీక్షించుటకు నాలుగు సాధనములు చెప్పబడినవి: ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి. అచ్చట ఆప్తుడనగా రజస్తమోదోషములు తొలగినవాడు, సంశయమునకు తావులేని జ్ఞానము గలవాడు. న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడు, వస్తువును సాక్షాత్తుగా నెఱిగి, ఎఱిగినదానిని ఎఱిగినట్లే చెప్పగోరువాడు ఆప్తుడనెను. అట్టివాడు ఋషియైనను, ఆర్యుడైనను, మ్లేచ్ఛుడైనను లక్షణ మొక్కటే యని కూడ చేర్చెను. మనపై ప్రేమ కలిగియుండుట ఈ నిర్వచనములలో నెచ్చటను లేదు. ఈ భేదము నాకు గ్రంథములు చదివినప్పుడు తెలియలేదు. మా వంటయింటిలో తెలిసినది.

మేము ఢిల్లీ చేరువ నోయిడాలో కాపురముందుము. తండ్రిగారు గతించిన తరువాత మా తల్లిగారు కోనసీమ విడిచి మాయొద్దకు వచ్చిరి. అప్పటికి వారికి అఱువది యెనిమిదేండ్లు. వచ్చిన యేడాదికే రక్తపరీక్షలో మధుమేహము బయటపడెను. వైద్యుడు ఉదయమున వేసికొనుటకొక మాత్రను వ్రాసి, ఆహారము జాగ్రత్తగా చూచుకొనుడని చెప్పి, తరువాతి రోగిని పిలిచెను. ఆ జాగ్రత్త యేమో ఆయన చెప్పలేదు, నేను నడుగలేదు.

ఆయన చెప్పనిదానిని చెప్పువారు ఆ వారములోనే పదిమంది తయారైరి. రాజమహేంద్రవరము నుండి మా మేనమామ టెలిఫోనులో, "అక్కా, అన్నము విషమనుకో. రొట్టెలు తిను. బెల్లము వేసికొనవచ్చు, పంచదార మాత్రము ముట్టకు" అనెను. ఎదురింటి పంజాబీ గృహిణి ప్రతిదినము ప్రాతఃకాలమున కాకరకాయ రసము గ్లాసునిండ తెచ్చి యిచ్చుచు, "మాతాజీ, ఒక్క గుక్కలో త్రాగండి" అని నిలుచుండి త్రాగించెడిది. దేవాలయమున పరిచితురాలైన యొకామె నేరేడు గింజల పొడి నిచ్చెను. న్యూఢిల్లీ రాజమార్గముల వెంబడి బారులు తీరిన నేరేడు చెట్లను చూచినవారికి ఈ నగరమున ఆ పొడికింత ప్రచార మేల కలిగినదో వేఱుగ చెప్పనక్కఱలేదు. వేఱొకరు పేరు తెలియని ఆకుపచ్చని చూర్ణమును, మూడు మాసములలో మాత్రలు మానిపించునను హామీతో సహా తెచ్చిరి. వీరిలో నొక్కరును మోసగాండ్రు కారు. అందఱును మాకు ఆప్తులే, తెలుగు అర్థమున.

ఏకాదశి వచ్చెను. మా తల్లిగారు నలువదియేండ్లుగా తప్పని ఉపవాసమును తప్పలేదు. మాత్రయు తప్పలేదు, మందు మానరాదని వైద్యుడు చెప్పెను గదా! ఆ చూర్ణమును గూడ నీళ్లలో కలిపి త్రాగిరి. పదునొకండు గంటల వేళ నా భార్య పిలువగా వారు పొంతనలేని మాటలు పలికిరి. ఒడలెల్ల చెమట, చేతులు వణకుచుండెను. పొరుగింటి నుండి గ్లూకోమీటరు తెచ్చి చూడగా రక్తములో చక్కెర 52 ఉన్నది. 70కి తగ్గినచో అది హైన్యమని, వెంటనే చక్కెర నీయవలెనని అంతకుముందు మాకెవ్వరును చెప్పలేదు. పొరుగింటి అమ్మాయి వైద్యవిద్యార్థిని. మూడు చెంచాల పంచదార నీళ్లలో కరగించి, మింగగలరో లేదో చూచి మఱీ, మెల్లగా త్రాగించెను. పావుగంటకు మఱల పరీక్షించి, తేరుకొనిరని చూచి, అప్పుడు కొంచెము అన్నము పెట్టించెను. స్మృతి తప్పినవారి నోట ఏమియు పోయరాదనియు, అట్టి స్థితిలో తిన్నగా ఆసుపత్రికి కొనిపోవలెననియు ఆమెయే చెప్పెను. మధుమేహరోగి యున్న ప్రతి యింటను ఈ రెండు మాటలు తెలిసియుండవలెను.

తప్పెవరిది? ఉపవాసముది కాదు, మాత్రది కాదు. మా తల్లిగారు వాడునది తిన్నను తినకున్నను క్లోమగ్రంథిని ప్రేరేపించి ఇన్సులిన్‌ను స్రవింపజేయు జాతి మందు. దానిని వేసికొని ఉపవసించుట ప్రమాదము. మధుమేహమునకు వాడు మందులన్నియు నిట్టివి కావు. కొన్నింటితో నీ ప్రమాదము మిక్కిలి స్వల్పము. కావున "మధుమేహులు ఉపవాసము చేయవచ్చునా?" అను ప్రశ్నకు, "మీరు వాడు మందేది?" అను ఎదురుప్రశ్న వేయనివాడు సమాధానము చెప్పుటకు అర్హుడు కాడు. ఇక ఆ చూర్ణములో నేమున్నదో మాకు నేటికిని తెలియదు. మూలికల మందులని విక్రయింపబడిన కొన్నింటిలో గ్లిబెన్‌క్లమైడ్ వంటి మధుమేహపు మాత్రల ద్రవ్యము రహస్యముగా కలిపియుండుటను వివిధ దేశముల ఔషధాధికారులు కనిపెట్టి ప్రకటించిరి. చూర్ణము "పనిచేసినది" అని జనులు చెప్పుటకు ఒక్కొక్కప్పుడు కారణమిదియే కావచ్చును.

పెద్దలు ఈ వ్యాధిని తక్కువగా నెఱిగినవారు కారు. సుశ్రుతుడు ప్రమేహమును రెండు తెఱగులుగా విభజించి, పుట్టుకతో వచ్చు వ్యాధి గలవాడు కృశించి యుండుననియు, అపథ్యమువలన కలిగిన వ్యాధి గలవాడు స్థూలకాయుడై, బహుభోజియై, శయ్యాసనములయందు ప్రీతి గలవాడై యుండుననియు వ్రాసెను. చరకుడు వ్యాధికారణములను చెప్పుచు, సుఖముగా కూర్చుండుటను, సుఖముగా నిదురించుటను, పెరుగును, క్రొత్త ధాన్యమును, బెల్లపు వంటకములను ఒక్క వరుసలో చేర్చెను. మా మేనమామ చరకుని చదివియున్నచో బెల్లమునకు అనుమతి నిచ్చియుండడు. నిర్ధనుడైన రోగి పాదరక్షలు, గొడుగు లేక, భిక్షాన్నము భుజించుచు, ఒక్కొక్క గ్రామమున ఒక్కొక్క రాత్రి మాత్రమే నిలుచుచు, నూఱు యోజనములు నడువవలెనని సుశ్రుతుడు విధించెను. ఈ చికిత్సను సీసాలోనికెక్కించి యమ్ముట యెవ్వరికిని సాధ్యము కాదు!

అయినను ఆ మహనీయులకు లేని యొక సాధనము మనకున్నది. 1922వ సంవత్సరము జనవరిలో కెనడా దేశపు టొరాంటో నగరమున లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు మొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చిరి. అంతకుముందు అట్టి బాలురకు వైద్యులు చేయగలిగినదెల్ల ఆకలితో మాడ్చి కొన్ని మాసములు బ్రతికించుటయే. ఇన్సులిన్ బొత్తిగా స్రవింపని ఈ జాతి రోగికి ఎంతటి పథ్యమును ఇన్సులిన్‌కు బదులు కాజాలదు. పెద్దవారికి వచ్చు రెండవ జాతి వ్యాధి మాట వేఱు. బ్రిటనులో జరిగిన డైరెక్ట్ అను పరిశోధనలో, వ్యాధి వచ్చి ఆఱేండ్లు దాటని స్థూలకాయులు వైద్యుల పర్యవేక్షణలో బరువు తగ్గించుకొనగా, సంవత్సరాంతమున వారిలో నూటికి 46 మంది మందులు లేకయే వ్యాధినుండి విరామము పొందిరని 2017లో ప్రకటించిరి. అందు ఇన్సులిన్ వాడువారిని చేర్చుకొనలేదు. మాత్రలు మానుట అసంభవమని నేననను. అయితే వాటిని మానిపించువాడు వైద్యుడు గావలెను, చూర్ణము విక్రయించువాడు కాదు. 1954వ సంవత్సరపు ఔషధ, ఇంద్రజాల చికిత్సల ప్రకటనల చట్టము, అనుబంధపట్టికలో మధుమేహమును పేర్కొని, దానిని నయము చేయుదునని మందును ప్రకటించుటను నిషేధించినది. అట్టి ప్రకటన చట్టమునే మీఱినది. కావున, అది కంటబడినప్పుడు మందు మంచిదా చెడ్డదాయని వితర్కింప పనిలేదు.

మఱి ఆప్తులెవరు? నా వెదకులాట నన్ను మొదట హైదరాబాదునకే త్రిప్పి పంపెను. 1918లో నీలగిరులలోని కూనూరున రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని విచారించుటకు నెలకొల్పిన చిన్న శాఖ క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా వెలసియున్నది. మన దేశపు ధాన్యములను, కూరలను, పండ్లను విశ్లేషించి, ఏ పదార్థమున నేమి యెంతయున్నదో చూపు పట్టికలను వీరు 2017లో నూతనముగ ప్రకటించిరి. 2024 మే నెలలో భారతీయుల ఆహార నియమములను పదునేడు సూత్రములుగా వెలువరించిరి. అందు రెండువేల కెలోరీల దినభోజనమునకు ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అని లెక్క యిచ్చిరి. ఈ లెక్క ఆరోగ్యవంతులకై వ్రాసినది. మధుమేహులు తమ వైద్యునితో చర్చించి సరిచేసికొనవలెను. కాని దానిని చూచిన తరువాత మా యింటి విస్తరిని చూడగా మాకు సిగ్గు కలిగెను. ధాన్యము రెండింతలు, కూర పావువంతు!

ఆ పట్టికలు మా మేనమామ సలహాను గూడ తేల్చివేసినవి. తెల్లబియ్యములో నూటికి సుమారు 78 పాళ్లు పిండిపదార్థము. గోధుమపిండిలో సుమారు 64 పాళ్లు. పీచు మాత్రము బియ్యములోకంటె చాల హెచ్చు. రాగులలో సుమారు 67 పాళ్లు. గోధుమ కొంత మేలే. అంతియే గాని బియ్యము విషమును గాదు, రొట్టె అమృతమును గాదు. ముప్పది గ్రాముల పిండితో చేసిన రొట్టెలు రెండు తినినచో 38 గ్రాముల పిండిపదార్థము. నాలుగు తినినచో 76 గ్రాములు. అఱువది గ్రాముల బియ్యపు అన్నములో 47 గ్రాములు. నాలుగు రొట్టెలు తిని, "నేను అన్నము మానివేసితిని" అని సంతోషించువారు ఢిల్లీలో కొల్లలు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినప్పటినుండి కొఱ్ఱలు, సామలు గూర్చి యిట్టి భ్రమయే వ్యాపించినది. అవి మంచి ధాన్యములే, కాని ధాన్యములే.

తరువాత నగరములోని యొక ప్రభుత్వాసుపత్రిలో పథ్యము చెప్పు నిపుణురాలిని కలిసితిమి. ఆహారశాస్త్రమున పట్టము పొంది, ఆసుపత్రిలో శిక్షణ నొందిన ఇట్టివారిని డైటీషియన్లందురు. వారి సంఘము 1963లో, కీర్తిశేషులు డాక్టర్ సి. గోపాలన్ గారి అధ్యక్షతన, మన దేశమున ఏర్పడినది. ఆ సంఘము పరీక్ష పెట్టి, ఉత్తీర్ణులైనవారిని రిజిస్టరు చేయుచున్నది. సలహా చెప్పువారిని ఆ అర్హత గూర్చి మర్యాదగా నడుగుటలో దోషము లేదు.

ఆమె మొదట అచ్చువేసిన కాగితము నొకదానిని చేతికిచ్చెను. అందు దలియా, పోహా, రెండు రొట్టెలు, ఒక కటోరీ దాల్, లౌకీ సబ్జీ అని యుండెను. మా తల్లిగారు దానిని నాచేత చదివించుకొని, మడిచి, ఒడిలో పెట్టుకొని, "నాయనా, ఇందులో నేను తినేది ఒక్కటీ లేదు. ఈమెకు నేనేం తింటానో అడగాలని తోచలేదా?" అనిరి. నేను సంకోచించుచు ఆ మాటను హిందీలో చెప్పితిని. ఆ యువతి కోపింపలేదు. కాగితమును వెనుకకు తీసికొని, త్రిప్పి, తెల్లగానున్న వెనుకవైపున వ్రాయనారంభించి, "చెప్పండి మాతాజీ, నిన్న లేచినది మొదలు పండుకొనువఱకు ఏమేమి తింటిరి?" అని యడిగెను. అర్ధగంట గడిచెను. బయట రోగులు బారులు తీరియుండిరి. ఆమెకా అర్ధగంట సులభముగా దొరికినది కాదని నాకు తెలియును. అప్పుడు నాకు స్ఫురించినది: మాకంతవఱకు సలహా చెప్పినవారిలో ఎదురు ప్రశ్నించినది ఈమె యొక్కతియే. ఏ మాత్ర? ఏ వేళ? మూత్రపిండముల పరీక్ష చేయించితిరా? ఆ పరీక్ష మంచిగా లేనిచో పప్పులు, పండ్లు, ఉప్పు విషయమై సలహా మాఱిపోవునట. కాకర రసమును గూర్చియు అడిగి, కాకరకాయను కూరగా తినుడు, మాత్రకు బదులుగా మాత్రము తలపకుడు, అనెను.

కొలతలయొద్ద మఱల చిక్కు వచ్చెను. ఆమెకు కటోరీ తెలియును. మా తల్లిగారికి గిద్ద తెలియును. ఇంటికి వచ్చి, ఊరినుండి తెచ్చుకొన్న ఇత్తడి గిద్దతో బియ్యము కొలిచి త్రాసులో వేయగా అఱువది గ్రాములు తూగెను. నాటినుండి మా తల్లిగారి మధ్యాహ్న భోజనమునకు తలకొట్టిన గిద్దెడు బియ్యము. "నిండు గిద్ద కాదు, తలకొట్టిన గిద్ద" అని వారే మాకు నేర్పుదురు. పూటకు గ్రాములిన్ని యని చెప్పినచో ఒక్కనాడైనను పాటించియుందురా యని నాకు సందేహము. ఎంత ప్రామాణికమైన సలహాయైనను తినువారి పాత్రలోని కొలతగా మాఱినప్పుడే అక్కఱకు వచ్చుచున్నది.

మిగిలినది వంటపని, అందు మేము నేర్వవలసినది తక్కువ, మా తల్లిగారికి జ్ఞాపకము చేయవలసినది ఎక్కువ. పెసరట్టు మనది. పొట్టుతోనున్న పెసలను ఆఱుగంటలు నానబెట్టి, అల్లము, పచ్చిమిర్చి, జీలకఱ్ఱ చేర్చి రుబ్బి, అట్టునకొక చెంచా నూనెతో కాల్చవలెను. కరకరలాడుటకై వేయు పిడికెడు బియ్యమును మానవలెను. ఇద్దఱికి నూఱు గ్రాముల పెసలు చాలును. ఉప్మాతో నింపుట పండుగలకు. చలికాలమున ఢిల్లీ సంతలలో మెంతికూర, పాలకూర, బథువా గుట్టలుగా వచ్చును. బథువాను మా తల్లిగారు మొదట గడ్డి యనిరి. పెసరపప్పుతో కలిపి వండి, వెల్లుల్లి పోపు పెట్టినపిదప, వారమునకు రెండుసార్లు అడుగుచున్నారు. ఆసుపత్రికి వెళ్లిన దినములలో ఐ.ఎన్.ఏ. బజారునకు పోయి దొండకాయలు, మునగకాడలు, గోరుచిక్కుడు తెచ్చుకొందుము. పులుసులో బెల్లపు ముక్క మానితిమి. గుమ్మడి ముక్కయే తగినంత తీపి నిచ్చును. బంగాళాదుంప వేపుడును అన్నములో కలుపుకొనుట పిండిలో పిండిని కలుపుకొనుటయని తెలిసినపిదప అది తగ్గినది. కూర, పప్పు ముందుగా తిని, అన్నము తరువాత తినినచో చక్కెర పెరుగుదల తగ్గునని ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి. మేమును చేసి చూచితిమి.

వంట పద్ధతులను చదువునప్పుడు మేమొక పరీక్ష పెట్టుకొంటిమి. ఎందఱికి? ధాన్యమెంత? నూనె యెంత? ఈ మూడింటికిని సమాధానము లేనిదానిని, పైన "మధుమేహులకు" అని యెంత పెద్ద యక్షరములతో వ్రాసియున్నను, మామూలు వంటగానే చూతుము. ఖర్జూరములతోను, తేనెతోను చేసిన లడ్డూలను ఆ పేరుతో చూపుచుందురు. తేనెలో నూటికి ఎనుబది పాళ్లు చక్కెరలే. ఖర్జూరము దాదాపు అంతియే. అంగడి పొట్లములపై "చక్కెర లేనిది" అని వ్రాయుటకు మన దేశపు ఆహార ప్రమాణముల సంస్థ నియమము పెట్టినది: నూఱు గ్రాములకు చక్కెర అరగ్రాము మించరాదు. కాని "చక్కెర చేర్చలేదు" అనునది వేఱు మాట. చేర్చకున్నను పండ్లరసములో చక్కెర యుండనే యుండును. పైగా చక్కెర లేని బిస్కత్తులో మైదా యుండును. మైదా కడుపులో చక్కెరయే యగును. ముందువైపు బొమ్మను వదలి, వెనుకవైపు పట్టికలో కార్బోహైడ్రేట్ అను పంక్తిని చూడవలెను.

చరకుడు చెప్పిన ప్రత్యక్షమునకు నేటి రూపము గ్లూకోమీటరు. ముందుకాలమున రోగికిని వైద్యునికిని నడుమ నోటిమాటయే. నేడు భోజనమునకు ముందొకసారి, రెండు గంటలపిదప మఱొకసారి వ్రేలు గ్రుచ్చి చూచుకొనినచో, ఏ వంటకము మన శరీరమున నేమి చేయుచున్నదో మనకే తెలియును. ప్రతిదినము చేయనక్కఱలేదు, క్రొత్త వంటకము పెట్టినప్పుడు చాలును. మేనమామ చెప్పిన బెల్లపు పాయసమును మా తల్లిగారు ఇట్లే ఒక్కసారి పరీక్షించి, అంకెను చూచి, తమ్మునికి టెలిఫోను చేసి చెప్పిరి. తమ్ముడు యంత్రము చెడినదనెను. మూడు మాసముల సగటును చూపు హెచ్.బి.ఎ.1సి. పరీక్షను గూడ వైద్యుడు చెప్పిన గడువులో చేయించుచున్నాము. అది యొకనాటి ఉపవాసముతో మభ్యపెట్టుటకు లొంగదు.

కార్తికమాసమున ఢిల్లీ గాలి పొగతో నిండి, వృద్ధులు ప్రొద్దున బయట నడచుట మేలు కాదని వైద్యులే చెప్పుచుందురు. ఆ రోజులలో మా తల్లిగారు భోజనానంతరము మేడలోని పొడుగాటి వసారాలో జపమాల చేతబట్టి పదిహేను నిమిషములు నడతురు. నూఱు యోజనములకు ఎన్ని మాలలగునో లెక్కకట్టుమని నన్నడిగిరి, నేనింకను కట్టలేదు.

ఏకాదశి సంగతి చివరకు వైద్యునివలనను, మా పురోహితునివలనను తీఱినది. రోగులకును, వృద్ధులకును, బాలురకును ధర్మశాస్త్రములు ఉపవాసనియమమును సడలించినవని పురోహితుడు చెప్పెను. మా తల్లిగారు విని యూరకుండిరి గాని తృప్తి చెందలేదు. వైద్యుడు వారి ముఖము చూచి, పూర్తి ఉపవాసము వలదనియు, పాలు, పండు, వేయించిన శనగలు వేళకు తీసికొను పక్షమున, ఆనాటి మాత్రను తగ్గించి యెట్లు వేసికొనవలెనో తాను వ్రాసి యిత్తుననియు చెప్పెను. ఆ కాగితము వారికి మాత్రమే వ్రాసినది. కావున నిందు దాని వివరములు తెలుపలేదు. ఏకాదశినాడు మీటరును పూజాపీఠము ప్రక్కన నుంచుకొనుచున్నారు.

మొన్న ఎదురింటి గృహిణి తన భర్తకును చక్కెరవ్యాధి యని తెలిసి, మా వంటయింటి గోడపై తెలుగున వ్రాసి అంటించిన పథ్యపు కాగితమును చూచి, దానికి హిందీ నకలు కావలెనని కోరెను. మా తల్లిగారు తమకు వచ్చిన కొలది హిందీతో ఆమెను కూర్చుండబెట్టి, "బేటీ, ఇది నాది. ఆయన ఏ గోలీ వేసికొంటారు? ఏమి తింటారు? మూత్రపిండముల పరీక్ష చేయించినారా?" అని వరుసగా నడుగనారంభించిరి. ఒక్కదానికిని ఆమెకు జవాబు తెలియదు. మా తల్లిగారు నన్ను పిలిచి, ఆ డైటీషియను కూర్చుండు గది యెన్నవ అంతస్తులో నున్నదో, ఏ దినములలో నుండునో కాగితముమీద వ్రాసి యిమ్మనిరి.